గళ్ళు నింపితే మతి పెరుగుతుందా?

ఆదివారం అనుబంధం తెరిచి, పెన్సిల్ చెక్కుకుని, గళ్ళ నుడికట్టు ముందు కూర్చునే తాతగారు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటారు. "ఇది చేస్తుంటే మెదడు తుప్పు పట్టదురా!" అని ఆయన అనగా మీరు వినే ఉంటారు. పత్రికల ఆరోగ్య శీర్షికలూ ఇదే పాట పాడతాయి. రోజుకో పదకేళి, పొద్దున్నే నడక, వేళకు నిద్ర, గుప్పెడు బాదంపప్పు... ఇక జ్ఞాపకశక్తికి ఢోకా లేదు! నా ఫిర్యాదల్లా ఈ జాబితా మీదే. నడకకూ నిద్రకూ ఉన్న ఆధారం ఒక రకం, గళ్ళ నుడికట్టుకు ఉన్న ఆధారం వేరొక రకం. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే చదివేవారికి ఏది ఎంత నమ్మాలో తెలియకుండా పోతుంది.

ముందుగా సాధన వల్ల పెరిగేది ఏమిటో చూద్దాం. 1980లో ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ అనే ముగ్గురు 'సైన్స్' పత్రికలో ఒక కాలేజీ విద్యార్థి సంగతి ప్రచురించారు. వరుసగా అంకెలు చదివి వినిపిస్తే అతడు మొదట్లో 7 అంకెలు మాత్రమే తిరిగి చెప్పగలిగేవాడు. మీరూ నేనూ అంతే. 230 గంటలకు పైగా సాధన చేశాక ఏకంగా 79 అంకెలు అప్పజెప్పాడు! అతడు పరుగు పందేల మనిషి. అంకెలను మూడేసి, నాలుగేసి చొప్పున కలిపి, పరుగు పందెంలో పట్టిన సమయాలుగా ఊహించుకుని గుర్తుపెట్టుకునేవాడు. అయితే అంకెల బదులు అక్షరాలు ఇచ్చి చూస్తే? మళ్ళీ 6 దగ్గరికే వచ్చి ఆగిపోయాడు. అంటే అతనికి పెరిగింది అంకెలను పట్టి ఉంచే ఒడుపు. ఆ ఒడుపు అక్షరాల దగ్గర అక్కరకు రాలేదు.

ఈ ఉదాహరణను మనసులో ఉంచుకుని ఢిల్లీ పొరుగున ఉన్న మానేసర్‌కు రండి. గురుగ్రామ్ జిల్లాలోని ఈ ఊళ్ళో జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రం ఉంది. ఇటలీలోని ట్రెంటో విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ హార్ట్‌జెల్, ఈ కేంద్రానికి చెందిన నందినీ ఛటర్జీ సింగ్ తదితరులు కలిసి 21 మంది వేదపండితుల మెదళ్ళను ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరీక్షించారు. ఈ పండితులు చిన్ననాటి నుంచి దాదాపు పదేళ్ళపాటు శిక్షణ పొంది, ఒక్కొక్కటి 40,000 నుంచి 1,00,000 పదాలుండే గ్రంథాలను స్వరం తప్పకుండా కంఠస్థం చేసినవారు. వయసు మొదలైన విషయాల్లో వీరితో సరితూగే ఇతరులతో పోల్చినప్పుడు భాషకూ, జ్ఞాపకానికీ సంబంధించిన కొన్ని భాగాల్లో పండితుల మెదడు పొర మందంగా కనిపించింది. 2016లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఇక చూడండి, "మంత్రాలు వల్లిస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందని సైన్సు తేల్చేసింది" అనే ప్రచారం! కానీ ఆ పరిశోధన తేల్చింది అది కాదు. పండితుల మెదళ్ళను శిక్షణకు ముందొకసారి, తరువాత ఒకసారి చూడలేదు, ఒక్కసారే చూశారు. శిక్షణ వల్ల ఆ భాగాలు పెరిగాయా, లేక పుట్టుకతో అలాంటి మెదడున్న పిల్లలే అంత కఠినమైన చదువును చివరిదాకా నెట్టుకొచ్చారా? ఈ ఒక్క చిత్రంతో చెప్పలేం. పండితులకు అల్జీమర్స్ వ్యాధి తక్కువగా వస్తుందా అన్న ప్రశ్నకు, ఇంకా తెలియదని హార్ట్‌జెల్ స్వయంగా 2018లో రాశారు. పరిశోధకుడు ఆగినచోట ప్రచారకులు ఆగలేదు. (మన అవధానుల ధారణ గురించి కూడా ఇలాగే అడగాలి. నిషిద్ధాక్షరి, దత్తపది, సమస్య అన్నీ పూరించి చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పే అవధాని, మార్కెట్లో గొడుగు మరిచిపోడని హామీ ఏమైనా ఉందా?)

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఢిల్లీకి దక్షిణాన, ఫరీదాబాద్ జిల్లాలో ఉన్న బల్లభ్‌గఢ్. 1990లలో విజయ్ చంద్ర, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ గంగూలీ తదితరులు అక్కడి గ్రామాల్లో వృద్ధుల మతిమరుపు వ్యాధిని, అంటే డిమెన్షియాను అధ్యయనం చేశారు. మొదటి మెట్టులోనే చిక్కు వచ్చింది. అమెరికాలో వాడే పరీక్షలో ఒక పదాన్ని వెనక నుంచి అక్షరాలుగా చెప్పమంటారు, కాగితం మీద ఉన్న ఆజ్ఞను చదివి అలా చెయ్యమంటారు, ఒక వాక్యం రాయమంటారు. ఇక్కడి వృద్ధుల్లో నూటికి 73 మంది నిరక్షరాస్యులు! బడి ముఖం చూడని ముసలమ్మ వాక్యం రాయలేకపోతే ఆమెకు జబ్బున్నట్టా? అందుకని పరీక్షనే మార్చారు. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. వాక్యం రాయడానికి బదులు మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. 1995లో ప్రచురితమైన ఈ హిందీ పరీక్షను చదవడం ఒక పాఠం. మనం 'జ్ఞాపకశక్తి' అనుకుని కొలుస్తున్న దాంట్లో ఎంత భాగం బడి చదువో అది బయటపెడుతుంది.

1998లో ప్రకటించిన ఫలితం ఇంకా విచిత్రం. 65 ఏళ్ళు దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు 1.36 శాతమే. అప్పటికి ప్రపంచంలో నమోదైన అతి తక్కువ అంకెల్లో ఇదొకటి. గళ్ళ నుడికట్టు ఎరగని ఊళ్ళలో ఇలా ఉందేమిటి? తొందరపడి "చదువు రాకపోవడమే మేలు" అనుకోకండి! జబ్బుపడినవారు ఎక్కువకాలం బతకకపోవచ్చు. పెద్దల మరుపును ఇంట్లోవాళ్ళు వయసు మీద పడిన లక్షణంగా కొట్టిపారేయవచ్చు. తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ భాగస్వామిగా దేశవ్యాప్తంగా జరిగిన సర్వే, 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతానికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేసింది. చదువు తక్కువైనవారిలోనే ఎక్కువని చెప్పింది. వయోపరిమితీ, పద్ధతీ వేరు కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు.

మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఆధారం కూడా ఈ చర్చలో ఉండాలి. నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించింది. రెండు లేక అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. నిరక్షరాస్యుల్లోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన బజారులో బేరమాడటం కూడా మెదడుకు పనేనన్నమాట! ఇదీ పరిశీలనే సుమా, ప్రయోగం కాదు.

పదకేళికి అన్యాయం చేయకూడదు కాబట్టి దాని పక్షాన ఉన్న గట్టి సాక్ష్యం కూడా చెబుతాను. 2022లో అమెరికాలో, అప్పటికే కొద్దిపాటి మరుపు మొదలైన 107 మందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు గళ్ళ నుడికట్లు, మరో జట్టుకు కంప్యూటర్ ఆటలు ఇచ్చారు. 78 వారాల తరువాత గళ్ళ నుడికట్టు జట్టే కొంచెం మెరుగ్గా ఉంది. బాగానే ఉంది కాని, ఏమీ చేయని మూడో జట్టు ఏదీ? అది లేనప్పుడు పదకేళి మేలు చేసిందా, కంప్యూటర్ ఆటల కన్నా నయం అనిపించుకుందా అన్నది తేలదు. పైగా వారంతా మరుపు మొదలైన పెద్దలు. పరీక్షలకు కూర్చునే మీరు కాదు.

అలవాట్ల సంగతికి వస్తే 2024లో 'లాన్సెట్' సంఘం 14 కారణాలు గుర్తించింది. బాల్యంలో చదువు లేకపోవడం, వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, శరీరశ్రమ లేకపోవడం, తలకు దెబ్బలు, ఒంటరితనం, కలుషితమైన గాలి అందులో ఉన్నాయి. వీటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చునని అంచనా. నవంబరు నెల ఢిల్లీలో ఊపిరి తీసుకున్నవారెవరికైనా, ఆ చివరి కారణం ఎవరి చేతుల్లో ఉందో చెప్పనక్కర్లేదు. గాలిని శుభ్రం చేయడం కన్నా గళ్ళు నింపండని సలహా ఇవ్వడం తేలిక. హెల్మెట్ పెట్టుకోవడం, తాతగారి చెవులు పరీక్ష చేయించడం 'జ్ఞాపకశక్తి చిట్కాల' జాబితాలో మీకెప్పుడైనా కనిపించాయా?

పదకేళిలో విద్యార్థికి పనికొచ్చే అంశం ఒకటుంది. జవాబు ఎదురుగా ఉండదు, మెదడులోంచి వెతికి లాగాలి. పాఠానికీ ఈ పద్ధతే వర్తిస్తుందని రోడిగర్, కార్పికీ 2006లో చూపించారు. పాఠాన్ని మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవారిదే పైచేయి. నా మాట నమ్మనక్కర్లేదు. మీ వృక్షశాస్త్రం పుస్తకంలోంచి ఇంచుమించు సమానంగా ఉండే రెండు పాఠాలు ఎంచుకోండి. ఒకదాన్ని రెండుసార్లు చదవండి. రెండోదాన్ని ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి. రెంటికీ సమానమైన సమయమే ఇవ్వండి, రాత్రి నిద్ర మానకండి. వారం తరువాత రెంటి మీదా ప్రశ్నలు అడగమని ఒక స్నేహితునికి చెప్పండి. ఏ పాఠాన్ని ఎలా చదివారో అతనికి మాత్రం చెప్పకండి.