పువ్వు వెనక్కి చూసి కొయ్యి

ధనుర్మాసం వచ్చిందంటే మా గుమ్మడి పాదుకు కాపలా కాయాల్సిందే. కోతులకు జడిసి కాదు, వీధిలో ఆడపిల్లలకు జడిసి. గొబ్బెమ్మకు బంతి పెట్టినా చేమంతి పెట్టినా, నెత్తిన గుమ్మడిపువ్వు లేకపోతే వాళ్లకు తృప్తి ఉండదు. నాకూ అంతే, పైకి ఒప్పుకోను గానీ.

నిరుడు ఒకరోజు లేచి చూసేసరికి పాదు బోడిగా ఉంది. ఎదురింటి ముగ్గులో గొబ్బెమ్మ మీద పచ్చటి పువ్వు, దాని కింద గోళీకాయంత పిందె, పేడలో సగం కూరుకుపోయి. కేకలేశాను. తర్వాత సిగ్గేసింది. వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

నాకు మా నాయనమ్మ చెప్పింది: "పువ్వు వెనక్కి చూసి కొయ్యిరా." మగపువ్వు వెనక సన్నటి పొడవాటి కాడ తప్ప ఇంకేమీ ఉండదు. ఆడపువ్వు రేకుల కింద బుల్లి గుమ్మడికాయను మోస్తూ తీగను అంటిపెట్టుకుని ఉంటుంది. మొదట పూసేవి దాదాపు అన్నీ మగపువ్వులే. కొత్తగా పాదు పెట్టినవాళ్లు 'పూస్తోంది, కాయదేం' అని దిగులుపడేది ఆ రోజుల్లోనే. తర్వాతైనా మగపువ్వులదే మంద, గొబ్బెమ్మలకు కొదవేం లేదు. అలాగని అన్నీ దులిపేస్తే పుప్పొడి అందక పిందెలు పసుపెక్కి రాలిపోతాయి.

వినాయక చవితి వెళ్లాక గింజ పెడతాను. రెండాకులప్పుడు ఎర్ర పెంకు పురుగు జల్లెడ చేసేస్తుంది, పొద్దున్నే మంచు మీద పొయ్యి బూడిద చల్లితే కాస్త ఆగుతుంది. పాదు చుట్టూ బంతినారు. బంతి వేళ్లు నేలలో నులిపురుగులను తగ్గిస్తాయని వ్యవసాయం చదివినవాళ్లు అంటారు. నేను వేసేది మాత్రం తోరణాలకే.

అసలు చిక్కు మార్గశిరంలో. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ కాస్త వ్యవధిలోనే తేనెటీగ రావాలి. చలికి అవి బద్ధకిస్తాయి. అందుకని మగపువ్వు తెంపి, రేకులు చీల్చేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు బొడ్డు మీద మెల్లగా రాస్తాను. వేళ్లకు పసుపంటుతుంది. వారంలో పిందె కోడిగుడ్డును దాటిందంటే సంక్రాంతి దప్పళానికి కాకపోయినా మాఘమాసానికి కాయ ఖాయం. పండాక బెత్తెడు కాడ ఉంచి కోస్తే అటక మీద నెలల తరబడి ఉంటుంది.

ఈ ఏడు పిల్లల్ని నేనే పిలిచి చూపించాను. ఎదురింటి చిన్నది అంతా విని, "రేకులు చీలిస్తే మాకేం మిగుల్తుంది తాతగారూ?" అంది. మర్నాడు చీకటితోనే, బొమ్మలకు రంగులేసే కుంచె పట్టుకొచ్చింది. పుప్పొడిని కుంచెకు అద్ది ఆడపువ్వుకు తనే రాసింది. రేకు నలగని మగపువ్వును ఒళ్లో వేసుకుని వెళ్లిపోయింది.

కుంచె ఇప్పుడు మా పందిరి రాటకు వేలాడుతోంది.