అద్దాలు పోవచ్చును, హ్రస్వదృష్టి పోదు

లేసర్ చికిత్సతో కళ్ళజోడుకు పది నిమిషములలో శాశ్వతముగా స్వస్తి చెప్పవచ్చునని ప్రకటనలు చెప్పుచున్నవి. కొల్లేటికోటలోని విద్యార్థి యైనను ఈ మాట వినియే యుండును. ఇందులో నిజమెంత?

హ్రస్వదృష్టిలో సాధారణముగా కనుగ్రుడ్డు పొడవు ఎక్కువై, దూరవస్తువుల ప్రతిబింబము రెటీనాకు ముందే ఏర్పడును. 193 నానోమీటర్ల అతినీలలోహిత లేసర్ కిరణము కార్నియా మధ్యభాగమును చెక్కి, వక్రతను తగ్గించును. ఈ కిరణము కణజాలమును మాడ్చకుండ చెక్కగలదని 1981లో అమెరికాలో గుర్తించినవారిలో మద్రాసున జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు.

చెక్కవలసిన లోతును విద్యార్థులే లెక్కకట్టవచ్చును. చికిత్సావలయపు వ్యాసమును మిల్లీమీటర్లలో వర్గము చేసి, డయాప్టర్లతో గుణించి, 3చే భాగించిన, సుమారు లోతు మైక్రానులలో వచ్చును. 6 మి.మీ. వలయములో 3 డయాప్టర్లకు 36 మైక్రానులు. 7 మి.మీ. వలయములో 10 డయాప్టర్లకు 163. కార్నియా మందము మధ్యలో సుమారు 540 మాత్రమే. లాసిక్ పద్ధతిలో పైకెత్తు పొరకు 110 పోయిన, అడుగున మిగులునది 267. కనీసము 250 మిగులవలెనని వైద్యుల నియమము. కనుక ఒకే యంత్రము అందరికి ఒకే ఫలితమునీయదు.

ప్రకటనలలోని రెండవ లోపము, 6/6 అక్షరములు చదువుటనే విజయముగా చూపుట. ఆ పరీక్ష మంచి వెలుతురులో జరుగును. తెల్లవారకముందు కొల్లేటిలో దోనె నడుపువాని కనుపాప విప్పారును. అది చికిత్సావలయమును మించిన, దీపముల చుట్టు వలయములు కనబడవచ్చును. వలయమును పెంచిన, లోతు పెరుగును! ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిన ఎల్.వి. ప్రసాద్ పేర 1987లో హైదరాబాదున నేత్రవైద్య సంస్థ వెలసినది. ఆయన వంటి చలనచిత్ర దర్శకులకు తెలిసిన సంగతియే ఇది: బొమ్మకు స్పష్టత ఒక్కటే చాలదు, వెలుగునీడల భేదమును కావలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. కార్నియా మారినను కనుగ్రుడ్డు పొడవు మారదు. రెటీనా ఊడివచ్చు ప్రమాదము మునుపటివలెనే యుండును. నలుబది యేండ్లు దాటిన పిదప చదువుటకు అద్దాలు మరల అవసరము కావచ్చును.

కావున ఉపాధ్యాయులు విద్యార్థిని నిరుత్సాహపరచ నక్కరలేదు, ప్రశ్నించుట నేర్పిన చాలును. వయస్సు పదునెనిమిది దాటినదా? ఏడాదిగా అద్దాల పవరు నిలుకడగా నున్నదా? కార్నియా మందము, ఆకారము సరిగా నున్నవా? కళ్ళు పొడిబారుచున్నవా? కాంటాక్టు కటకములు ముందుగా మాని కొలతలు తీసికొనిరా? వీటికి సమాధానము చెప్పని ప్రకటన విజ్ఞానము కాదు, కేవలము వ్యాపారము.