సున్నా అంటే సురక్షితమా? - బడి లెక్కల్లో మాయమయ్యే కులం

సతారా హైస్కూలు ప్రవేశ రిజిస్టరులో 1914వ నంబరు దగ్గర ఒక పేరుంది - భీవా రామ్‌జీ ఆంబేడ్కర్. చేరిన తేదీ 1900 నవంబర్ 7. మహారాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుతోంది. మంచిదే. కానీ ఆ పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడనీ, ప్యూను వచ్చి కుళాయి తిప్పితే తప్ప గుక్కెడు నీళ్ళు దక్కేవి కావనీ రిజిస్టరు చెప్పదు. పెద్దయ్యాక ఆయనే రాసుకున్నాడు గనక మనకు తెలిసింది. రాసుకోలేకపోయిన వాళ్ళ సంగతేంటి? బడి రాసుకునే లెక్క వేరు, పిల్లవాడు మోసే లెక్క వేరు. నూటపాతికేళ్ళ తర్వాత కూడా ఈ రెండూ కలవలేదన్నదే ఇక్కడ చర్చ.

ఇవాళ దేశంలోని బడులు ఏటా యూడైస్ ప్లస్ అనే పెద్ద పట్టిక నింపుతాయి. అందులోంచి బడికో నివేదిక కార్డు తయారవుతుంది. పిల్లలు జనరల్ ఎంతమంది, ఎస్సీ ఎంతమంది, ఎస్టీ ఎంతమంది, ఓబీసీ ఎంతమంది అని విడివిడిగా అడుగుతారు. గదులు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు, ప్రహరీ గోడ లెక్కబెడతారు. భద్రత విషయానికొస్తే విపత్తు ప్రణాళిక ఉందా, భవనం తనిఖీ జరిగిందా, సీసీ కెమెరాలున్నాయా, మంటలార్పే పరికరం ఉందా అని అడుగుతారు. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఈ ప్రశ్నల వెనక ఉన్న భావజాలాన్ని గమనించాలి. దీని ప్రకారం భద్రత అంటే గోడ కూలకపోవడం, నిప్పంటుకోకపోవడం. మనిషి నుంచి మనిషికొచ్చే ప్రమాదం దీనికి కనబడదు. కుళాయి ఉందా అని అడుగుతుంది గానీ దాన్ని ఎవరు ముట్టుకోవచ్చో అడగదు. మరుగుదొడ్డి ఉందా అని అడుగుతుంది గానీ ఎవరి పిల్లలతో కడిగిస్తున్నారో అడగదు. పిల్లల్ని చేర్చుకునేటప్పుడు కులం కావాలి, స్కాలర్‌షిప్పు ఇచ్చేటప్పుడు కులం కావాలి. కొట్టేటప్పుడు, తిట్టేటప్పుడు మాత్రం కులం ఎటు పోయిందో తెలీదు!

చట్టం లేక కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బలహీనవర్గాల పిల్లలు వివక్షకు గురికాకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిదే అంది. నిషేధించింది సరే, నిషేధం అమలవుతోందో లేదో చెప్పే కాలమ్ ఏది? జాతీయ బాలల హక్కుల కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. ఏ శిక్షా పడలేదన్న వాళ్ళు తొమ్మిది మంది! ఇదే ప్రశ్న హెడ్మాస్టర్లను అడిగితే ఏం రాస్తారో వేరే చెప్పాలా? ఎవర్ని అడుగుతున్నామన్న దాన్నిబట్టే లెక్క మారుతుంది.

లెక్క లేకపోతే ఏమవుతుందో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లా సురాణాలో చూశాం. 2022 జూలైలో టీచరు కొట్టిన తొమ్మిదేళ్ళ దళిత బాలుడు ఆగస్టు 13న అహ్మదాబాద్ ఆస్పత్రిలో చనిపోయాడు. టీచరు కోసం పెట్టిన కుండ ముట్టుకున్నందుకే కొట్టాడని కుటుంబం అంది. అసలు బళ్ళో విడిగా కుండే లేదు, అందరూ ఒకే ట్యాంకు నీళ్ళు తాగుతారని ఇంకొందరన్నారు. పిల్లాడు పోయాక దేశమంతా కుండ ఉందా లేదా అని వాదించుకుంది. బతికుండగా ఆ బళ్ళో ఎవరు ఎక్కడ తాగుతున్నారో, ఎవరు ఎందుకు దెబ్బలు తింటున్నారో ఏటా అడిగి రాసి ఉంటే ఆ వాదనకు తావుండేది కాదు. రుజువు తెచ్చే భారం మాత్రం ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళదే.

మన దగ్గర హాస్టళ్ళ సంగతి ఇంకా లోతైంది. అక్కడ పిల్లలకు బడి గంటతో బడి అయిపోదు. తిండీ, నిద్రా, జబ్బూ అన్నీ అక్కడే. 2024 అక్టోబర్ చివర్లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో పిల్లలు తిండి తిని జబ్బుపడ్డారు. వాళ్ళలో ఒక బాలిక నవంబర్ 25న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూసింది. వంటగది ఉందా అన్న ప్రశ్నకు 'ఉంది' అని రాస్తే ఈ చావు ఏ గడిలో పడుతుంది?

నల్లజాతి ప్రజల పోరాటాలతో అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. 1968 నుంచి అక్కడి ప్రభుత్వం బడుల్ని జాతి వారీగా లెక్కలు అడగడం మొదలుపెట్టింది. 2011-12 లెక్కలు 2014లో బయటికొస్తే తేలిందేమిటి? ప్రీస్కూలు పిల్లల్లో నల్లపిల్లలు 18 శాతం, ఒకటికి మించి సార్లు సస్పెండైన ప్రీస్కూలు పిల్లల్లో 48 శాతం. నాలుగేళ్ళ పిల్లల్లో అల్లరికి రంగుంటుందా? రంగు ఉన్నది శిక్షించే చూపుకే. ఆ కాలమ్ లేకపోతే ఆ మాట ఎవరూ రుజువు చేయలేకపోయేవాళ్ళు.

అయితే కాలమ్ పెట్టగానే నిజం వచ్చి వాలదు. పిల్లల్ని బలవంతంగా పట్టి ఉంచడం, గదిలో ఒంటరిగా మూయడం గురించి 2015-16లో అక్కడి జిల్లాల్లో 70 శాతం 'సున్నా' అని రాశాయి. ఆ సున్నాలను నమ్మలేమని ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థే 2019లో చెప్పింది. 2002లో చట్టమైన మరో విధానం రాష్ట్రాలను 'నిరంతరం ప్రమాదకరమైన బడులు' ఏవో చెప్పమంది. దాదాపు లక్ష ప్రభుత్వ బడులున్న దేశంలో తేలినవి కొన్ని పదులు మాత్రమే. నిజం రాసిన బడికి మచ్చ, దాచిన బడికి మెప్పు అయినప్పుడు ఎవడు రాస్తాడు? కాబట్టి సున్నా రాసిన బడిని మెచ్చుకోవడం కాదు, ముందు అనుమానించాలి. ఫిర్యాదులు వచ్చిన బడిలో కనీసం ఫిర్యాదు చేసే ధైర్యం మిగిలి ఉంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది: బళ్ళో మళ్ళీ కులం ఎత్తుతారా అని. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో తోటి విద్యార్థులు దళిత విద్యార్థిని ఇంటికొచ్చి నరికారు. అతను వాళ్ళ వేధింపుల గురించి బళ్ళో చెప్పిన రోజు రాత్రే ఇది జరిగింది. అడ్డొచ్చిన చెల్లెల్నీ నరికారు. దాని మీద వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇస్తూ హాజరు పట్టీలో పిల్లల కులం ఉండకూడదంది. సరైన మాటే. క్లాసులో కులం పేరుతో పిలవడం అవమానం. కానీ పిల్లవాడి పేరు పక్క కులం తీసెయ్యడం వేరు, అన్యాయపు మొత్తం లెక్కలో కులం తీసెయ్యడం వేరు. మొదటిది పిల్లవాడికి రక్షణ, రెండోది బడికి రక్షణ. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం ఆధిపత్య కులాలకు చాలా సుఖంగా ఉంటుంది.

అందుకే ఏం కావాలో స్పష్టంగా చెప్పుకోవాలి. ఏడాదికోసారి బయటివాళ్ళు వచ్చి, టీచర్లు లేని చోట, పేరు రాయకుండా పిల్లల్నే అడగాలి. శిక్షలు, తిట్లు, విడిగా కూర్చోబెట్టడం, ఊడిపించడం, కడిగించడం కులం వారీగా, ఆడామగా వారీగా, హాస్టలు వారీగా తేల్చాలి. ఎస్సీ అని ఒకే కుప్ప పోయకుండా మాదిగ, మాల, రెల్లి, డక్కలి పిల్లల్ని విడిగా చూడాలి. వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టే ఒప్పుకున్నాక ఈ లెక్కకేం అడ్డు? ఒకరిద్దరే ఉన్న చోట పిల్లవాడు బయటపడకుండా అంకెలు మండలం స్థాయిలో ప్రకటించాలి. ఫిర్యాదులెన్ని, ఎన్నింటి మీద చర్య తీసుకున్నారు, ఎన్నాళ్ళు పట్టింది, చెప్పిన పిల్లవాడు ఇంకా బళ్ళోనే ఉన్నాడా అన్నది కూడా రాయాలి. నాంగునేరి తర్వాత ఈ చివరి ప్రశ్న తప్పించుకోవడానికి వీల్లేదు.

ఈ లెక్క కంప్యూటర్లో పడి ఉంటే సరిపోదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులుండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, బలహీనవర్గాలకు పిల్లల సంఖ్యను బట్టి చోటుండాలి. ఆ కమిటీ మన వాడలోనే కూర్చొని లెక్క తెలుగులో చదివి వినిపించాలి. కూలికి పోయే తల్లి లేచి "మా పిల్లని ఎందుకు కొట్టిన్రు, ఎవరెవర్ని కొట్టిన్రు" అని అడిగితే కాగితం చూపించి జవాబు చెప్పాల్సిన పరిస్థితి హెడ్మాస్టరుకు రావాలి. కమిటీల్లో ఉన్న మనవాళ్ళు వచ్చే సమావేశంలోనే ఈ కాగితం అడగాలి. లేదంటే, లేదన్న సంగతే రాయించి సంతకం పెట్టించుకోవాలి.