సదాలక్ష్మి ఎవరి లెక్కలో?

టి.ఎన్. సదాలక్ష్మి 2004లో చనిపోయింది. గోగు శ్యామల రాసిన ఆమె బతుకు కథ 'నేనే బలాన్ని' 2011లో వచ్చింది. అంతదాకా నాబోటి వాళ్లకు ఆమె సాధారణ జ్ఞానం పుస్తకంలో ఒక పేరు, అంతే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి, దేవాదాయ శాఖ మంత్రి. పాకీపనికి కట్టేసిన మెహతర్ కులపు ఆడమనిషి గుళ్ల మీద అధికారం చేసింది! ఇది 'తొలి మహిళ'ల జాబితాలో పడేసి ఊరుకునే సంగతేనా? స్త్రీవాదులు కులాన్ని పక్కకు పెట్టి ఆమెను చూశారు. మనోళ్లు ఆడతనాన్ని పక్కకు పెట్టారు. 1994లో మొదలైన మాదిగ దండోరాకు ఆమె అండగా నిలిస్తే, ఉద్యమానికి ముఖం మాత్రం మగవాళ్లదే అయింది. శ్యామల పుస్తకం ఈ రెండు లెక్కల్నీ చెడగొట్టింది.

పేరుతోనే నాకు పేచీ. ఆ 'నేనే' దగ్గర పాఠకులు ఒక్క మనిషి ధైర్యాన్ని మెచ్చుకొని ఆగిపోతారేమో. ధైర్యం ఒక్కటే చాలదు గదా. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత సర్పంచులైన దళిత ఆడవాళ్ల కుర్చీల్లో మొగుడో, ఊరి పెద్దో కూసున్న ఊళ్లు చూసినోళ్లమే. 2023 మహిళా రిజర్వేషన్ చట్టం ఎస్సీ, ఎస్టీ సీట్లలో మూడో వంతు ఆడవాళ్లకని రాసింది, బీసీ ఆడవాళ్లకు విడిగా వాటా రాయలేదు. సీటు సరే, పార్టీ టిక్కెట్టు ఎవరి జేబులో ఉంటది?