మా ల్యాబ్ గోడ మీది చార్టు – ఒక విమర్శ

మా సైన్సు ల్యాబ్‌లో తలుపు పక్క గోడకు ఒక చార్టు వేలాడుతూ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో "ధ్వని తరంగాలు – కాంతి తరంగాలు" అని రాసి ఉంటుంది. ఎడమ వైపు ఒక మనిషి నోరు తెరుచుకుని ఉంటాడు. అతని నోట్లోంచి పాములాంటి వంకర గీత ఒకటి బయల్దేరి ఇంకొకరి చెవిలోకి పోతుంది. కుడి వైపు ఒక బల్బు. దాన్నుంచి కూడా అలాంటి గీతే బయల్దేరి కంట్లోకి పోతుంది. ఆరో తరగతి నుంచి ఈ చార్టును చూస్తున్నాను. ఇప్పుడు పదో తరగతి. ఈ సంవత్సరం సైన్సు ఎగ్జిబిషన్‌లో దాని పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు వివరించే పని నాకు ఇచ్చారు.

నేను బట్టీ పట్టినదంతా గడగడా చెప్పేశాను. అప్పుడు ఏడో తరగతి చెల్లి ఒకతి అడిగింది: "అక్కా, గట్టిగా అరిస్తే ఈ గీత ఇంకా పైకి లేస్తుంది కదా! అప్పుడు చెవిలోకి పోకుండా తల మీదుగా వెళ్ళిపోతుందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలంటే నాకు జవాబు తెలీదు. పక్కనే ఉన్న ఒక పెద్దాయన, "అనుదైర్ఘ్యం, తిర్యక్కు, పౌనఃపున్యం... ఇట్లాంటి మాటలుంటే పిల్లలకు ఏం అర్థమవుతుందమ్మా? అందుకే మా చిన్నోణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నాం" అన్నారు.

ఆ ఇద్దరి మాటలూ నన్ను వదల్లేదు. తప్పు నిజంగా మాటల్లో ఉందా, లేక ఇంకెక్కడైనా ఉందా అని ఆలోచించాను. మా సైన్సు మేడమ్‌నూ తెలుగు మేడమ్‌నూ అడిగి తెలుసుకున్న తర్వాత ఈ చార్టును విమర్శించాలనిపించింది. ఇది ఎవరినో తప్పు పట్టడానికి కాదు. ఆ చార్టును నమ్మి ఒక మార్కు పోగొట్టుకున్నదాన్ని నేనే.

ముందు మంచి చెప్పాలి. చార్టులో రాసిన మాటలన్నీ సరైనవే. ధ్వని ప్రయాణించడానికి యానకం కావాలి, కాంతికి అక్కరలేదు అని ఉంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు అని ఉంది. పక్కనే ఒక మెరుపు బొమ్మ కూడా వేశారు. అది చాలా బాగుంది. మెరుపు కనబడినప్పటి నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో సుమారుగా తెలిసిపోతుంది. పోయిన వానాకాలం మా అవ్వ దగ్గర కూర్చుని నేను 9 దాకా లెక్కపెట్టాను. "3 కిలోమీటర్లవ్వా, భయం లేదు" అంటే, "నీ లెక్క పిడుక్కి తెలుసా? లోపలికి రా" అంది. అవ్వ చెప్పిందే సరి. ఉరుము వినబడేంత దగ్గర్లో ఉంటే బయట ఉండకూడదట.

ఇక మొదటి తప్పు. ధ్వనిని పైకీ కిందకీ పోయే గీతగా వేశారు. ఆ బొమ్మ చూసిన ఎవరైనా ఏమనుకుంటారు? గాలి కణాలు పైకీ కిందకీ ఊగుతూ పోతాయనుకుంటారు. నేను పరీక్షలో రాసింది అదే. అసలు జరిగేది వేరు. మనం మాట్లాడినప్పుడు గాలి కణాలు ధ్వని పోయే దారి వెంటే ముందుకీ వెనక్కీ ఊగుతాయి. కొన్నిచోట్ల దగ్గరపడతాయి, దాన్ని సంపీడనం అంటారు. కొన్నిచోట్ల పలచబడతాయి, దాన్ని విరళీకరణం అంటారు. ముందుకు పోయేది ఈ ఒత్తిడే, కణాలు కాదు.

దీన్ని చూడటానికి మేము వరండాలో ఒక పని చేశాం. 15 మంది ఒకరి వెనక ఒకరు నిలబడి, ముందున్నవాళ్ళ భుజాల మీద చేతులు పెట్టుకున్నాం. చివరి అమ్మాయి మెల్లగా ఒక తోపు తోసింది. ఆ తోపు వరుస వెంట వచ్చి మొదటి అమ్మాయికి తగిలింది. కానీ అందరూ ఎవరి చోట్లో వాళ్ళే ఉన్నారు. ఇది ధ్వని. తర్వాత పక్కపక్కన నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని లేచాం. ఇక్కడ మేము కదిలింది పైకీ కిందకీ, అల పోయింది పక్కకి. ఇది ఇంకో రకం తరంగం. రెండూ అరగంటలో అర్థమయ్యాయి. నాలుగేళ్ళు చార్టు చూస్తే అర్థం కాలేదు.

మరి ఆ వంకర గీత పూర్తిగా అబద్ధమా? కాదు. అది బొమ్మ కాదు, గ్రాఫు. ఏ చోట గాలి ఒత్తిడి ఎక్కువగా ఉందో, ఏ చోట తక్కువగా ఉందో చూపే గ్రాఫు. గీత పైకి లేచిన చోట ఒత్తిడి ఎక్కువ, కిందకు దిగిన చోట తక్కువ. గ్రాఫుకు అక్షాలు గీయాలి, ఏది దేన్ని చూపుతుందో రాయాలి అని గణితంలో మాకు నేర్పిస్తారు. రాయకపోతే మార్కులు తీసేస్తారు. ఈ చార్టు అక్షాలు గీయకుండా, గ్రాఫును తీసుకెళ్ళి మనిషి నోట్లో పెట్టింది. చెల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గట్టిగా అరిస్తే గీత ఎత్తు పెరుగుతుంది. అంటే ఒత్తిడిలో తేడా పెరుగుతుంది, అంతే. ఏదీ తల మీదుగా పోదు. మామూలుగా మాట్లాడేటప్పుడు మన మధ్య ఉన్న గాలి కణాలు ముందుకీ వెనక్కీ ఊగే దూరం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదట.

కాంతి వైపు గీత కొంత మేలు. కాంతి నిజంగానే తిర్యక్ తరంగం. అయితే అక్కడ కూడా కణాలేవీ పైకీ కిందకీ ఊగవు. ఊగేవి విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం. కాంతి విద్యుదయస్కాంత తరంగం అని మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన సిద్ధాంతంలో చెప్పారు. ఆ ఊగడం కాంతి పోయే దారికి అడ్డంగా ఉంటుందని మనం కూడా పరీక్షించవచ్చు. మా మామయ్య బండి మీద పోయేటప్పుడు పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుంటారు. వాటిని కంప్యూటర్ తెర ముందు పట్టుకుని మెల్లగా తిప్పాను. ఒక కోణంలో తెర బాగా కనబడింది. ఇంకో కోణంలో దాదాపు నల్లగా అయిపోయింది. దారికి అడ్డంగా ఊగే తరంగాన్నే ఇలా ఆపగలం. గాలిలో ధ్వనిని ఇలా తిప్పి ఆపలేం, ఎందుకంటే అది దారి వెంటే ఊగుతుంది. చార్టులో రెండింటికీ ఒకే గీత వేయడం వల్ల ఈ ముఖ్యమైన తేడా కనబడకుండా పోయింది.

రెండో తప్పు కొలతలది. రెండు గీతలూ ఒకే సైజులో ఉన్నాయి. సెకనుకు 200 కంపనాలున్న గొంతు తీసుకుంటే దాని తరంగదైర్ఘ్యం 340ని 200తో భాగించినంత, అంటే 1.7 మీటర్లు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో సుమారు రెండు వేలో వంతు. రెండింటికీ తేడా దాదాపు 34 లక్షల రెట్లు! చార్టులో కాంతి అలను 1 సెంటీమీటరు పొడవు గీస్తే, ధ్వని అలను 34 కిలోమీటర్లు గీయాలి. మన హోసూరులో మొదలుపెడితే గీత బెంగళూరు ఊళ్ళోకి పోతుంది. అంత గీయమని నేను అనడం లేదు. "ఈ బొమ్మలు కొలత ప్రకారం వేసినవి కావు" అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు.

ఇది ఉత్తి లెక్క కాదు. క్లాసు బయట వరండాలో నిలబెడితే లోపల మేడమ్ గొంతు వినబడుతుంది, మేడమ్ కనబడరు. ఎందుకు? గోడలకు తగిలి తిరిగి వచ్చే ధ్వని కొంత ఉంటుంది. దాంతోపాటు, తలుపు వెడల్పు సుమారు ఒక మీటరు, గొంతు తరంగం పొడవూ దాదాపు ఆ లెక్కలోనే ఉంది. అలాంటప్పుడు తరంగం తలుపు దాటాక చుట్టూ వంగి పరుచుకుంటుంది. దీన్నే వివర్తనం అంటారు. కాంతి తరంగానికి ఆ తలుపు లక్షల రెట్లు పెద్దది. అందుకే అది వంగినట్టు మనకు తెలీనే తెలీదు, నేరుగా పోతుంది. జాతరలో పలకల చప్పుడు వీధి మలుపు అవతలి నుంచి ముందే వినబడి, పలకలవాళ్ళు తర్వాత కనబడటం కూడా ఇలాంటిదే. రోజూ చూసే ఈ సంగతిని కొలతలే చెప్తాయి. చార్టు ఆ కొలతల్నే దాచేసింది.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకు వస్తాను. మా తెలుగు మేడమ్ ఆ కష్టమైన మాటల్ని బోర్డు మీద విడగొట్టి రాశారు. పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ. అందులోంచి వచ్చిందే పౌనఃపున్యం. సెకనుకు ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ ఊగుతుందో ఆ లెక్క. దైర్ఘ్యం అంటే పొడవు, తరంగదైర్ఘ్యం అంటే అల పొడవు. తిర్యక్ అంటే అడ్డంగా. "అను" అంటే వెంట, అనుదైర్ఘ్యం అంటే పొడవు వెంట. ఇది విని నేను ఆశ్చర్యపోయాను. కణాలు దారి వెంట ఊగుతాయని ఆ మాటే చెప్తోంది! చార్టు కింద "ధ్వని అనుదైర్ఘ్య తరంగం" అని రాసి ఉంది. పైన బొమ్మ అడ్డంగా ఊగుతోంది. మాట నిజం చెప్పింది, బొమ్మ తప్పుదారి పట్టించింది. మేము మాటను బట్టీ పట్టి, బొమ్మను నమ్మాం.

ఇంగ్లీషు మీడియంలో చదివే మా పిన్ని కూతుర్ని కూడా ఇదే ప్రశ్న అడిగి చూశాను. అదీ "పైకీ కిందకీ" అనే చెప్పింది. కాబట్టి మీడియం మారిస్తే ఈ చిక్కు పోదు. అయినా ఆ పెద్దాయన మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. మాటను విడగొట్టి చెప్పకపోతే అది పిల్లలకు రాయిలాగే ఉంటుంది. నాకూ ఇన్నాళ్ళూ అలాగే ఉంది. అందుకే మా టీచర్లను ఒక్కటి కోరుతున్నాను. సైన్సు పాఠం మొదలయ్యే రోజు, ఆ పాఠంలోని కొత్త మాటల కోసం తెలుగు మేడమ్‌ను ఒక పది నిమిషాలు మా క్లాసుకు పిలవండి.

చార్టును తీసేయాలని నేను అనను. సైన్సు మేడమ్ అనుమతితో నేనూ ఆ ఏడో తరగతి చెల్లీ దానికి చిన్న మరమ్మతు చేశాం. ధ్వని గీత కింద తెల్ల కాగితం పట్టీ అంటించి, దాని మీద చుక్కలు పెట్టాం. గీత పైకి ఉన్నచోట చుక్కలు దగ్గర దగ్గరగా, కిందకు ఉన్నచోట దూరం దూరంగా. నిలువు గీత పక్కన "గాలి ఒత్తిడి" అనీ, అడ్డగీత కింద "దూరం" అనీ రాశాం. చుక్కలన్నీ చెల్లే పెట్టింది. వచ్చే సంవత్సరం ఎగ్జిబిషన్‌లో చార్టు దగ్గర తనే నిలబడతానంటోంది.