గేరు పడ్డట్టు తెలియాలి

సూర్యాపేటలో పాత కారు బేరానికి వచ్చేవాళ్లు ఇదివరకు మైలేజీ ఎంతని అడిగేవారు, టైర్లు తన్ని చూసేవారు. ఇప్పుడు మొదటి ప్రశ్న ‘ఆటోమేటిక్కేనా?’ హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లొచ్చే పెద్దవాళ్లు క్లచ్చి తొక్కలేక అడుగుతున్నారు. కుర్రవాళ్లు సరదాకి అడుగుతున్నారు. కొన్న కొన్నాళ్లకు ఇద్దరి నోటా ఒకటే ఫిర్యాదు: యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గాని బండి కదలట్లేదు, రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు నాన్చుతోంది.

విచిత్రమేమిటంటే ఆ బండినే కొనేరోజు ‘వెన్నలా పోతోంది, గేరు మారినట్టే తెలియట్లేదు’ అని మురిసిపోయి ఉంటారు. నాకు ఆ మెచ్చుకోలు మీద ఎప్పుడూ అనుమానమే. గేరు మారిందని సీట్లో కూర్చున్నవాడికి కాస్తయినా తెలియాలన్నది నా పక్షం. తల ఊగేలా కుదపనక్కర్లేదు. పడ్డట్టు తెలిస్తే చాలు.

ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు ఆటోమేటిక్ బాక్సులో పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. గేరు మారడమంటే ఒక క్లచ్ ప్లేట్ల కట్ట వదిలేయడం, ఇంకో కట్ట పట్టుకోవడం. పట్టించేది ఆయిల్ ప్రెషర్. ఈ వదలడానికీ ఆ పట్టడానికీ మధ్య ఉండే రెప్పపాటులో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడిని కాస్త సాగదీస్తే కుదుపు తెలియదు. సాగిన కొద్దీ వేడి పుడుతుంది, ప్లేటు మీది పూత అరుగుతుంది. షోరూం చుట్టూ తిప్పి చూసేవాడికి కుదుపే తెలుస్తుంది, అరుగుదల తెలియదు. అందుకని కంపెనీలు మెత్తదనం వైపే మొగ్గుతాయి. ప్రెషర్ ఒక్కసారిగా క్లచ్చిని తాకకుండా ముందు కాస్త మింగేసే స్ప్రింగు పిస్టన్‌ను దారిలో పెడతాయి. దాని పేరు అక్యుమ్యులేటర్.

ఈ మెత్తదనం మీద తిరగబడింది అమెరికా మెకానిక్కులు. అక్కడ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ బాక్సు వచ్చింది. జనాలకు పెద్ద ఎత్తున అమ్మిన తొలి పూర్తి ఆటోమేటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లోనూ దాన్నే వాడారు, యుద్ధమయ్యాక రోల్స్ రాయిస్ కూడా లైసెన్సు తీసుకుంది. ఆ తర్వాతి బాక్సులు మెత్తబడుతూ వస్తే, గిల్ యంగర్ అనే ఆయన కాలిఫోర్నియాలో ట్రాన్స్‌గో అనే కంపెనీ పెట్టి ‘షిఫ్ట్ కిట్’ అమ్మాడు. ఒక చిన్న డబ్బాలో గట్టి స్ప్రింగులు, నాలుగు వాల్వులు, ఒక రేకు. ఆయిల్ పోయే రంధ్రాలు పెద్దవి చేసి, అక్యుమ్యులేటర్ మింగుడు తగ్గించి, లైన్ ప్రెషర్ పెంచితే ప్లేట్లు చప్పున పట్టుకుంటాయి. బరువు లాగే పికప్పులకూ రేసు కార్లకూ అది వరంలా పనికొచ్చింది.

మన దగ్గర ఆటోమేటిక్ బాక్సు విప్పే షెడ్లు తక్కువ. సూర్యాపేట నుంచి అయితే హైదరాబాదుకో, కోదాడ నుంచి అయితే విజయవాడ ఆటోనగర్‌కో ట్రక్కు మీద ఎక్కించి పంపడమే అలవాటు. అయినా హైవే పక్కన ఒక మేస్త్రీ ఉన్నాడు, లారీ గేర్‌బాక్సులతో మొదలుపెట్టి ఇప్పుడు వీటికి వచ్చాడు. మొన్న ఆయన వాల్వ్ బాడీ, అంటే ఏ క్లచ్చికి ఎప్పుడు ఆయిల్ పోవాలో దారి చూపే ముక్క, విప్పుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నా. అరచేతులు రెండూ చాపినంత అల్యూమినియం పోత. మూత తీస్తే లోపల చెదలు తిన్న చెక్కలా వంకర టింకర దారులు. వాటి మధ్య మినప గింజంత ఉక్కు గుండ్లు. ప్రతి గుండుకూ ఒక చోటు ఉంది. మేస్త్రీ ముందు ఫోన్‌తో ఫొటో తీశాడు, తర్వాత ఒక్కో గుండునూ అయస్కాంతం పళ్లెంలోకి ఎత్తి లెక్కపెట్టాడు. ఒకటి తగ్గినా, ఒకటి పక్క గుంటలో పడ్డా బండి రివర్సు మరిచిపోవచ్చు.

షెడ్డులో ఎక్కడ చూసినా వేస్ట్ కాటన్ ఉంటుంది కదా, ఆ బల్ల దగ్గర మాత్రం ఒక్క పోగు కూడా లేదు. కుర్రాడు అలవాటుగా చేతిలో పట్టుకొస్తే మేస్త్రీ కసురుకున్నాడు. “దూరం పోరా దాంతోని. ఒక్క దారం ఇరికితె వాల్వు కదలదు.” కడగడమంతా స్ప్రేతో, ఆరబెట్టడం కంప్రెసర్ గాలితో. ఒక వాల్వును వేలితో తోసి, వదిలి, అది తన బరువుకు తాను జారుతుందా లేదా చూశాడు. జారింది. పక్కది సగంలో ఆగింది. “చూసిన్రా సార్, రోగం ఈడ ఉంది,” అన్నాడు. కుదుపుకూ నాన్చుడుకూ కారణం అంత చిన్న ముక్కలో ఉంటుందని చెబితే బండి ఓనరు నమ్మడు. అందుకే ఆయన్నీ పిలిచి చూపించాడు.

ఆ ఓనరుది మిర్యాలగూడ, రైస్‌మిల్లు వ్యాపారం. ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి షిఫ్ట్ కిట్ గురించి తెలుసుకుని వచ్చాడు. “అమెరికా నుంచి తెప్పిస్తా, ఎంతైనా సరే. వేసెయ్ మేస్త్రీ.” మేస్త్రీ ఒప్పుకోలేదు, నాకూ ఆయన మాటే సబబనిపించింది. ఆ కిట్లు ఎక్కువగా పాత రకం బాక్సులకు పుట్టినవి. వాటిలో ఏ గేరు ఎప్పుడు మారాలో ఆయిలే తేల్చేది. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా ఆరు గేర్ల ఆటోమేటిక్ గాని, ఇప్పటి స్కార్పియో-ఎన్ గాని కంప్యూటర్ చెప్పినట్టు వింటాయి. కరెంటుతో కదిలే సోలినాయిడ్ వాల్వుల ద్వారా ప్రెషర్ ఎంత ఇవ్వాలో అది క్షణక్షణం సరిచూసుకుంటుంది. స్ప్రింగు గట్టిది వేస్తే, కంప్యూటర్ అది తప్పనుకుని దిద్దబోతుంది. అదీగాక ప్లేట్లు ముందే మాడి ఉంటే కిట్ వేసినా ప్రయోజనం సున్నా. అరిగినదాన్ని ఇంకా గట్టిగా బిగించినట్టే అవుతుంది.

మరి గేరు గట్టిగా, నమ్మకంగా పడాలంటే? మన ఊళ్లలో శత్రువు వేడి. 2012 నుంచి నాలుగు వరసలైన జాతీయ రహదారి 65 మీద బండి సాఫీగా పోతే బాక్సుకు కష్టం లేదు. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర గంటల తరబడి అడుగడుగునా ఆగి కదిలినప్పుడో, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రోజుల్లో ట్రాఫిక్ మళ్లించినప్పుడో కన్వర్టర్‌లో ఆయిల్ చిలుకుతూ కాగుతుంది. అప్పుడు గాలి తగలదు, పైన ఎండ. రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించడం ఇక్కడ ఏ కిట్ కన్నా మేలు.

రెండోది ఆయిల్. ‘లైఫ్‌టైం, మార్చనక్కర్లేదు’ అని రాసి ఉన్న బండ్లు చాలా ఉన్నాయి. ఎవరి లైఫో అడగాలి. ఎనిమిది గేర్ల బాక్సులు చేసే జర్మనీ జెడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. లెవెల్ చూడటం కూడా తేలిక కాదు. చాలా బాక్సులకు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ 40 డిగ్రీల అటూ ఇటూ ఉన్నప్పుడు, కింద బిరడా తీసి సన్నగా కారేలా చూడాలి. మే నెలలో సూర్యాపేట మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండికి స్టార్ట్ చేయకముందే ఆ వేడి దాటిపోతుంది. కాబట్టి మేస్త్రీ ఎండాకాలం ఆ పనికి పొద్దున ఆరింటికే రమ్మంటాడు. ఎనిమిదింటికి వచ్చినవాడికి మర్నాడు రమ్మని చెబుతాడు.

చిన్న కార్లవాళ్లకు ఇదంతా వర్తించదు. 2014లో మారుతీ సెలేరియోతో మొదలై ఊరూరా వ్యాపించిన ఏఎంటీ మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్చి తొక్కేదీ గేరు వేసేదీ మోటారో ఆయిల్ ప్రెషరో. దానికి కుదుపు వస్తే క్లచ్ ప్లేటు అరుగుదల చూడాలి, క్లచ్చి తొక్కే యాక్చువేటర్ చూడాలి, స్కానర్ పెట్టి క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో మళ్లీ నేర్పించాలి. టోల్ వరసలో బ్రేకు వదిలి కొద్దికొద్దిగా పాకించడం మానాలి. అంతే.

గేరు చప్పున పడటం ఎంత అవసరమో కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో తెలుస్తుంది. ముందు సిమెంటు లారీ, ఎదురుగా ధాన్యం ట్రాక్టర్ ఇంకా దూరంలో ఉంది, యాక్సిలరేటర్ నిండా తొక్కారు. బాక్సు రెండు గేర్లు దించి లాగాలి. దించాలా వద్దా అని ఆలోచిస్తే మీరు లారీ పక్కనే, తప్పు వైపున వేలాడుతుంటారు. వెన్నలాంటి బండి అక్కడ ఎందుకూ కొరగాదు.

మిల్లు ఆయన కిట్ మాట మానుకున్నాడు. వాల్వ్ బాడీ కడిగి, ఇరుక్కున్న వాల్వు మార్చి, కొత్త ఆయిల్ పోసి, విడి కూలర్ పెట్టి, స్కానర్‌తో కంప్యూటర్ పాత నేర్పు చెరిపేశాక మేస్త్రీ తాళం ఇచ్చాడు. “రెండు మూడు రోజులు కొంచెం కొట్టుకుంటది సార్, అది మల్ల నేర్చుకోవాలె. నెమ్మదిగ తోలుండ్రి.” ఆయన తల ఊపి, బిల్లు చూసి, కూలర్ రేటు మీద బేరం మొదలుపెట్టాడు.