మతావేశము – నిత్యవిశ్వాసము

ఒకే కొండను కొందరు కృష్ణగిరి యనియు, కొందరు సయ్యద్‌బాషా కొండ యనియు పిలుతురు. ఆ రెండు పేర్లలో అచ్చటి సామాన్యునకు వైరుధ్యము తోచదు. నిత్యజీవితమందలి విశ్వాస మిట్టిది. మతావేశ మట్లు గాదు. అది పరులతోపాటు తనవారినిగూడ బాధించును.

ఇందులకు జాషువ కవి 'పిరదౌసి' (1932) దృష్టాంతము. షానామా కర్తకు బంగారము నిత్తునన్న గజనీ మహమూదు తుదకు వెండి నిచ్చుటయే ఇందలి కథ. పిరదౌసి షియా మార్గీయుడని ఆస్థానికులు సుల్తానునకు కొండెములు చెప్పిరని పారశీక ఐతిహ్యము. ఇస్లాము పేర దండెత్తిన ప్రభువు ముస్లిము కవికే మాట తప్పెను. క్రైస్తవుడైన తెలుగు కవి ఆ ముస్లిము పక్షమున నిలిచెను.

జాషువయు హిందూ పురాణములు చదివినందులకు క్రైస్తవ పెద్దల యాగ్రహమునకు గురియైనవాడే. వారు శంకించిన కవియే 'క్రీస్తు చరిత్ర' రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందెను. పరమత గ్రంథపఠనము ఆయన క్రీస్తుభక్తికి కొరత గావింపలేదు.

కావున మితభావమును విశ్వాసలోప మనుట పొరపాటు. 'పిరదౌసి'ని చారిత్రక కావ్యముగను, 'క్రీస్తు చరిత్ర'ను భక్తి కావ్యముగను వేరుపరచి చదివినచో ఈ విషయము మరుగుపడును. రెండింటిని కలిపి చదువుటయే జాషువకు న్యాయము.